ఏడు మెట్లు దిగిన రాయి

పటాల ఆఫీసు, మూడో అంతస్తు
సముద్రమట్టానికి నూట పద్దెనిమిది అడుగులు
ఫిబ్రవరి 9

అక్కకి,

వరద తరవాత నీ దగ్గర నుంచి నాకు వచ్చింది ఒకే ఒక్క కార్డు. "బాగున్నాను. బడి తెరిచారు." మూడే మాటలు. పైన ఎత్తు కూడా వెయ్యలేదు.

నాన్న ఉంటే ఆ కార్డు తిప్పి పంపేవాడు. వంతెన దగ్గర నీటిమట్టం చూసే ఉద్యోగం చేసి చేసి, మనుషుల్ని కూడా ఎత్తుని బట్టే గుర్తుపట్టేవాడు కదా. "ఊరి పేరు పోస్టు వాళ్ళ కోసం, ఎత్తు మన కోసం" అనేవాడు. నాకు పెళ్ళై ఇక్కడికి వచ్చాక రాసిన మొదటి ఉత్తరంలో ఎత్తు వెయ్యలేదని, క్షేమసమాచారం అడగకుండా, "ఎంత ఎత్తున ఉన్నావో తెలియనివాడివి ఏం బాగున్నావు?" అని జవాబు రాశాడు. నేను ఇప్పటికీ మానలేదు. నువ్వు మానేశావు. అడిగానని కోప్పడకు.

అసలు పని చెప్తాను. నీ లోయ పుస్తకాన్ని గ్రంథాలయం వాళ్ళు అచ్చు వేస్తామంటున్నారు. తొమ్మిదేళ్ళుగా రాస్తున్నావు. భూగోళం సగం, చరిత్ర సగం, మధ్యలో మా అక్క చివాట్లు అని చెప్పాను వాళ్ళకి. నవ్వారు. అట్ట లోపలి వైపు పటం నేను గీస్తాను. అధ్యాయాలు ఒక్కొక్కటే పంపించు. పని ఉంటే రోజు గడుస్తుంది అంటారు కదా, ఆ మాట నీకు చెప్పే ధైర్యం నాకు లేదు గానీ, పంపించు.

లోయని మళ్ళీ కొలవడానికి ఆఫీసు నుంచి ఒకాయన వస్తాడు. మామూలు పనే, పట్టించుకోకు.

మీ మరదలు అడిగిందని రాయమంది.

నీ తమ్ముడు

—

బడి, వెనక గది
మార్చి 2

రబ్బరుకి,

నిన్ను ఈ పేరుతో పిలిచి చాలా కాలమైంది. మూడో తరగతిలో ఒక్క గీత గీసి పదిసార్లు చెరిపి కాగితం చిల్లు పెట్టిన పిల్లాడికి వేరే పేరు ఏం పెడతాం?

బాగానే ఉన్నాను. బడి వెనక గదిలో ఉంటున్నాను. ఒక మంచం, ఒక కుర్చీ, పాత పటాల చుట్టలు. పొద్దున్నే లేస్తాను, స్టవ్ వెలిగిస్తాను, పాఠం చెప్తాను, కాపీలు దిద్దుతాను. నన్ను చూడ్డానికి వచ్చినవాళ్ళు ఏడుస్తారు. మంచినీళ్ళు ఇచ్చి, వాళ్ళు తేరుకునేదాకా కూచుంటాను. నాకేమీ అనిపించడం లేదు. ఒళ్ళు మొద్దుబారితే గిల్లి చూసుకుంటాం చూడు, అలా అప్పుడప్పుడు మీ బావ చొక్కా తీసి చూస్తాను. చొక్కాలాగే ఉంటుంది.

పుస్తకం విషయం. మొదటి అధ్యాయం పంపుతున్నాను. ఏటి పొడుగు పద్నాలుగు మైళ్ళు. రెండు కొండల మధ్య పుట్టి, పన్నెండు మైళ్ళు దూకుడుగా వచ్చి, మన వంతెన దగ్గర బద్ధకించి, చివరి రెండు మైళ్ళు పాకుతుంది. అది సముద్రంలో కలిసే మోగ దగ్గర ఏడాదిలో అయిదు నెలలు ఇసుక మేట అడ్డం పడుతుంది. వాన ఎక్కువై, మేట తెగకపోతే, నీళ్ళకి వెనక్కి రావడం తప్ప దారి లేదు. ఇదంతా అయిదో తరగతి పిల్లలకి తెలుసు. అచ్చులో ఉంటే పెద్దవాళ్ళకి కూడా తెలుస్తుందని రాశాను.

వరదల అధ్యాయం కూడా అయిపోయింది. అన్నిటికంటే తేలిగ్గా అయింది. నాలుగు పాత వరదలు, ఒక కొత్తది. కొత్తదాని గురించి ఇలా రాశాను, చూడు సరిగ్గా ఉందో లేదో:

"గత అక్టోబరులో, నీళ్ళు ముప్పై అడుగుల మట్టం దాకా వస్తాయని కబురు అందింది. పటంలో ముప్పై అడుగుల ఎత్తున గీసిన గీత ప్రకారం, దాని కింద ఉన్న నలభై ఆరు ఇళ్ళను మధ్యాహ్నం పన్నెండు లోపల ఖాళీ చేయించి, జనాన్ని బడిలో ఉంచారు. ఈ పని చేసినవాడు రేవు కాటా గుమాస్తా. గీతకు పైన ఉన్న పదకొండు ఇళ్ళ వరుసను ఖాళీ చేయించలేదు. రెండున్నరకు నీళ్ళు ఆ వరుసలోకి వచ్చాయి. ముగ్గురు పోయారు. దర్జీ, దర్జీ భార్య, కాటా గుమాస్తా."

సరిపోతుంది అనుకుంటాను. పొద్దుటి నుంచి ఇంటింటికీ తిరిగి, అందరినీ పంపించి, కాళ్ళు లాగుతున్నాయని మీ బావ ఇంటికెళ్ళి పడుకున్నారని రాయలేదు. నేను బడిలో పిల్లలకి చాపలు పరుస్తున్నాను. ఇంటికెళ్తున్నానని కిటికీలోంచి చెప్పారు. "నువ్వేం భయపడకు, మా బావమరిది గీత దాటాలంటే ఏరు కూడా వాడి పర్మిషన్ అడగాలి" అన్నారు. అది కూడా రాయలేదు.

అక్క

—

పటాల ఆఫీసు, స్టోరు గది
సముద్రమట్టానికి తొంభై ఆరు అడుగులు
మార్చి 30

అక్కకి,

అధ్యాయాలు అందాయి. మొదటిది గ్రంథాలయం ఆయన నిలబడే చదివేశాడు. "ఈవిడ దగ్గర నేను చదువుకుని ఉంటే ఇలా ఉండేవాణ్ణి కాదండీ" అన్నాడు. ఎలా ఉండేవాడో నేను అడగలేదు.

వరదల అధ్యాయం నా దగ్గరే ఉంచాను. అక్కా, అది వద్దు. పాత నాలుగు వరదలూ ఉంచుదాం. కొత్తదాన్ని ఇంకా చరిత్ర అనలేం కదా. అంకెలు ఇంకా తేలాలి.

ఇంకోటి. బడి మెట్ల దగ్గర ఉన్న నాన్న రాయి గురించి రాస్తానని ఎప్పుడో అన్నావు. అది కూడా వదిలెయ్. సముద్రమట్టానికి ఎంత ఎత్తో చెక్కి పెట్టే అలాంటి రాళ్ళు దేశం నిండా ఉన్నాయి, చదివేవాళ్ళకి విసుగు. పేజీలు కూడా సరిపోవు. దీపస్తంభం గురించి రాయి, పాత రేవు గురించి రాయి. నీ చరిత్ర భాగం కోసం చూస్తున్నాను.

ఎండలు మొదలయ్యాయి. ఈ గది చల్లగా ఉంటుంది.

తిండి మానకు.

నీ తమ్ముడు

—

బడి, వెనక గది
ఏప్రిల్ 21

రబ్బరుకి,

చరిత్ర భాగం పంపుతున్నాను. నలభై పేజీలు. విషయం ఇంతే. దీపస్తంభం కట్టినప్పుడు సముద్రం దాని అరుగుకి తగిలేది, ఇప్పుడు మైలు దూరం జరిగింది. నావలు లేని పొలాల మధ్య అది ఎందుకు నిలబడి ఉందో కొత్తగా వచ్చినవాళ్ళకి అర్థం కాదు. బడి నుయ్యి తవ్వినప్పుడు ఇరవై అడుగుల లోతున గవ్వలు పడ్డాయి. అంటే ఒకప్పుడు మన బడి గుట్ట ఒడ్డు. మొదట ఉప్పు వండేవాళ్ళు వచ్చారు, తరవాత తాళ్ళు పేనేవాళ్ళు, తరవాత రైలు. ఎవరు వచ్చినా ఏటి పాత పాయ పూడ్చి దాని మీదే ఇళ్ళు కట్టారు. చదునుగా ఉంటుంది కదా. మన వరుస కూడా అక్కడే. ఏరు మూడు తరాల తరవాత తన దారి వెతుక్కుంటూ వచ్చింది, ఆ దారిలో మేం మంచాలు వేసుకున్నాం.

ఇక నీ ఉత్తరం. నువ్వు మూడో అంతస్తు నుంచి స్టోరు గదికి మారావు. నూట పద్దెనిమిది నుంచి తొంభై ఆరుకి. చల్లగా ఉంటుందని ఎవరూ ఇరవై రెండు అడుగులు దిగరు. దిగావా, దించారా?

రాయి గురించి ఎందుకు రాయొద్దన్నావు?

మీ ఆఫీసాయన వచ్చాడు. మూడుకాళ్ళ స్టాండు మీద దుర్భిణీ పెట్టి, ఒక కన్ను మూసి, ఊరంతా తిరుగుతున్నాడు. పిల్లలు ఆయనకి మూడుకాళ్ళాయన అని పేరు పెట్టారు. ఎదురుగా అన్నా కోప్పడలేదు. మోగ దగ్గర మొదలుపెట్టి పైకి వస్తున్నాడు. రోజుకి రెండు వీధులు. వచ్చే నెలకి బడి మెట్ల దగ్గరికి చేరతాడు.

అక్క

—

పటాల ఆఫీసు, స్టోరు గది
సముద్రమట్టానికి తొంభై ఆరు అడుగులు
మే 4

అక్కకి,

మరీ లాయరులా అడగకు. పైన మరమ్మతులు జరుగుతున్నాయి, అందుకని నన్ను తాత్కాలికంగా కింద కూచోబెట్టారు. ఇక్కడ పాత పటాలు నాలుగు బీరువాల నిండా ఉన్నాయి. వాటికి నంబర్లు వేస్తున్నాను. హాయిగానే ఉంది. ఎవరూ పిలవరు.

మూడుకాళ్ళాయనతో ఎక్కువ మాట్లాడకు. మంచివాడే. కానీ ఆయన ఏం అడిగినా నీకు తెలియదని చెప్పు. బడి ఎప్పుడు కట్టారు, మెట్లు ఎప్పుడు కట్టారు, ఎవరు కట్టారు, ఏమీ తెలియదని చెప్పు. ఆఫీసు రాతకోతలు నీకు తెలియవు. ఒక మాట అంటే దానికి పది కాగితాలు పుడతాయి. నువ్వు ఇప్పటికే పడ్డావు, చాలు.

చరిత్ర చాలా బాగుంది. పాత పాయ సంగతి చదివి చాలాసేపు కూచున్నాను.

ఈ ఒక్కసారికి నా మాట విను అక్కా.

నీ తమ్ముడు

—

ఇల్లు ఉన్నచోటు
సముద్రమట్టానికి ఇరవై ఆరు అడుగుల పదకొండు అంగుళాలు
జూన్ 12

రబ్బరుకి,

పైన అంకె చూశావు కదా. ఇంకోసారి చూడు. నీ పటంలో మన ఇంటి గచ్చు ఎత్తు ముప్పై ఒక్క అడుగులు. నేను ఇప్పుడు ఆ గచ్చు మీదే కూచుని రాస్తున్నాను. గోడలు లేవు, గచ్చు ఉంది. వంటగట్టు సగం ఉంది. దాని మీద కాగితం పెట్టుకున్నాను.

మూడుకాళ్ళాయన నిన్న బడికి వచ్చాడు. మెట్ల కింద రాయి దగ్గర స్టాండు పెట్టి ఒకసారి చూశాడు, కాగితం చూశాడు, మళ్ళీ చూశాడు. ఇంటర్వెల్లులో నేను మంచినీళ్ళు పట్టుకెళ్ళాను. అప్పుడు జరిగిన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తాను.

"ఏమైందండీ?" అన్నాను.

"ఏం లేదు మేడమ్. ఈ రాయి నలభై రెండు అంటోంది. నేను మోగ దగ్గర నుంచి కొలుచుకుంటూ వస్తే ముప్పై ఎనిమిది కూడా రావట్లేదు."

"మీ కొలత తప్పేమో."

"మూడుసార్లు చూశానండీ. అయినా ఇది ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు లెండి. పటం గీసినాయన ఒప్పేసుకున్నాడు. లెక్క ఎక్కించేటప్పుడు అన్ని ఎత్తులకీ నాలుగు అడుగులు ఎక్కువ వేశానని రాసిచ్చాడు. విచారణ ఈ నెలాఖరుకి అయిపోతుంది. పాపం, పదహారేళ్ళ సర్వీసు. ఆయన ఊరు కూడా ఇదేనట, మీకు తెలుసా?"

తెలుసన్నాను.

తమ్ముడూ, నువ్వు మూడో తరగతి నుంచి ఇప్పటిదాకా ఒక్క అంకె తప్పు ఎక్కించలేదు. మా పెళ్ళిపత్రికలో తేదీ తప్పు పడితే నువ్వు రెండు వందల కార్డులూ కూచుని చేత్తో దిద్దావు. నువ్వు నాలుగు అడుగులు పొరపాటున వేశావంటే మూడుకాళ్ళాయన నమ్ముతాడు, నేను నమ్మను. పైగా తప్పు నాలుగు అడుగులు కాదు. నాలుగు అడుగుల ఒక అంగుళం. ఏడు మెట్లు, మెట్టుకి ఏడు అంగుళాలు. కొత్త మెట్లు కట్టినప్పుడు నేనే మేస్త్రీ పక్కన నిలబడి కొలిపించాను.

ఆయన దగ్గర గ్లాసు తీసుకుని చెప్పేశాను. "ఈ రాయి పై గుమ్మం పక్కన ఉండేది. మూడేళ్ళ కింద నేనే కిందకి దింపించాను" అన్నాను. ఆయన ఒక కన్ను మూసుకునే ఉన్నాడు, తెరవడం మర్చిపోయాడు. "ఎందుకండీ?" అన్నాడు. ఒకటో తరగతి పిల్లల వేళ్ళు అందడం లేదని చెప్పాను. చెక్కిన అంకెల మీద వేలు పెట్టి దిద్దడం నాన్న మనకి నేర్పాడు, అలా వాళ్ళకి నేర్పుదామని. మేస్త్రీ అడిగాడు కూడా, దీన్ని కదపొచ్చా అమ్మా అని. రాయికేం, ఎక్కడున్నా రాయే అన్నాను. భూగోళం చెప్పే మనిషిని, ఆ మాట అన్నాను. ఆ అంకె అంటే ఎత్తు అని ఏటేటా పాఠం చెప్పీ చెప్పీ అది నాకు పాఠంగానే మిగిలింది. రాయి మాత్రం నాన్న వస్తువు అయిపోయింది. మరుసటి ఏడు మీ ఆఫీసు వాళ్ళు వచ్చి, ఆ రాయి నుంచి మొదలుపెట్టి ఊరంతా కొలిచి వెళ్ళారు. అప్పుడు నాకు తట్టలేదు. వాళ్ళకి మంచినీళ్ళు ఇచ్చాను.

నాకు ఎప్పుడు తెలిసిందో చెప్పనా? నీళ్ళు దిగిన మర్నాడు పొద్దున్న. వంతెన గేజీ మీద బురద చార సరిగ్గా ముప్పై దగ్గర ఆగింది. కబురు పంపినవాళ్ళు ముప్పై దాకా వస్తాయన్నారు, ముప్పై దాకానే వచ్చాయి. నీ గీత కూడా ముప్పై దగ్గరే గీశావు. అందరూ సరిగ్గానే చెప్పారు. మరి మన గచ్చు మీద మూడడుగుల నీళ్ళు ఎలా నిలిచాయి? బడికి తిరిగొచ్చి, ప్రహరీ మీద ఉన్న బురద చార నుంచి రాయి దాకా టేపు పెట్టి కొలిచాను. గేజీ ముప్పై అంది, రాయి లెక్కన ముప్పై నాలుగు. రెండూ ఒకే నీళ్ళు. మెట్ల వంక చూశాను. అప్పటికి మీ బావ ఇంకా బడి వరండాలో దుప్పటి కింద ఉన్నారు.

ఆ రోజు నుంచి నాకేమీ అనిపించడం లేదు. మార్చిలో రాసింది నిజమే, కారణం రాయలేదు. ఎవరైనా అడిగితే చెప్పేదాన్ని. ఎవరూ అడగలేదు. అడక్కపోతే చెప్పకుండా రోజులు గడుస్తాయని నాకు తెలియదు. గడిచాయి.

ఇంకొకటి ఉంది. అది అడగాలంటే ఈ చోటు తప్ప వేరే చోటు దొరకలేదు, అందుకే ఇక్కడికి వచ్చాను. రాయి దింపిన రోజు నీకు ఉత్తరం రాశాను. గుర్తుందా? నువ్వు పటం గీయడానికి ఏడాది ముందు. ఈ ఎనిమిది నెలలూ నీ ఉత్తరం వచ్చినప్పుడల్లా, ఇందులో ఆ మాట ఉంటుందేమోనని భయపడుతూ విప్పాను. నీకు గుర్తురాకూడదని కోరుకున్నాను. రాయి గురించి రాయొద్దు అన్నావు చూడు, అప్పుడు తెలిసింది నీకు గుర్తొచ్చిందని.

అక్క

—

పటాల ఆఫీసు, స్టోరు గది
సముద్రమట్టానికి తొంభై ఆరు అడుగులు
జూన్ 25

అక్కకి,

గుర్తుంది.

గుర్తురావడం కాదు, కనిపించింది. జనవరిలో బావ ఉత్తరాలు ఏమైనా ఉన్నాయేమోనని సొరుగు తీశాను. నీ ఉత్తరాలన్నీ తేదీల వారీగా కట్ట కట్టి ఉంటాయి, నా సంగతి తెలుసుగా. బావ రాసినవి రెండు దొరికాయి. వాటి మధ్యలో ఇది ఉంది:

"బడికి కొత్త మెట్లు కడుతున్నారు. నాన్న రాయిని గుమ్మం దగ్గర నుంచి ఏడు మెట్లు దింపించి, కింద కుడివైపు పెట్టించాను. ఒకటో తరగతి వాళ్ళు క్యూ కట్టి మరీ వేళ్ళతో దిద్దుతున్నారు. ఈ సీజన్లో మామిడికాయలు బాగా కాశాయి, మీ బావ నీకు పంపుతానని బుట్ట కొన్నారు."

ఆ రోజు ఈ ఉత్తరం చదివి నవ్వుకున్నాను అక్కా. పిల్లలు క్యూ కట్టారన్న దగ్గర. బుట్ట సంగతి మీ మరదలికి చదివి వినిపించాను. మడతపెట్టి ఆఫీసు బల్ల సొరుగులో వేశాను. మరుసటి ఏడు లోయ పటం నా బల్ల మీదికి వచ్చింది. దాంతో ఒక ఫారం ఉంటుంది. కొలత మొదలుపెట్టిన రాయి ఉన్నచోటే ఉందని, కదలలేదని, నేను స్వయంగా వెళ్ళి చూశానని సంతకం చెయ్యాలి. వేరే ఏ ఊరి ఫారం అయినా బస్సెక్కి వెళ్ళేవాణ్ణి. అది మన బడి. ఆ రాయి మీద కూచుని అన్నం తిన్నాను. మా అక్క రోజూ దాని పక్క నుంచే బడికి వెళ్తుంది, కదిలితే నాకు చెప్పదా అనుకున్నాను. సంతకం పెట్టాను. నువ్వు చెప్పావు. చెప్పిన ఉత్తరం నా మోకాలికి జానెడు దూరంలో, ఆ సొరుగులోనే ఉంది.

జనవరి నుంచి నాకూ అన్నం రుచి తెలియడం లేదు. కానీ నువ్వు రాసినట్టు రాయలేను.

లెక్క తప్పు వేశానని ఒప్పుకుంటే రాయి జోలికి ఎవరూ వెళ్ళరనుకున్నాను. నీకు తెలియకుండా అయిపోతుందనుకున్నాను. ముగ్గురు పోయిన సంగతి నా మీద ఉంటే నేను మోస్తాను. బావ పోయిన సంగతి నీ మీద పడితే నువ్వు ఎలా బతుకుతావు అనుకున్నాను. నీకు అంతకు ముందే తెలుసని, తెలిసే కాపీలు దిద్దుతున్నావని నాకేం తెలుసు.

నిన్న విచారణ జరిగింది. మూడుకాళ్ళాయన నీ మాట చదివి వినిపించాడు. పెద్దాయన నా వైపు తిరిగి, "అయితే నీ తప్పేమీ లేదుగా, రాయి కదిలిందని నీకు తెలిసే దారి లేదు, మరి అబద్ధం ఎందుకు చెప్పావయ్యా" అన్నాడు. అవునండీ అని వచ్చేస్తే పోయేది. మూడో అంతస్తుకి వెళ్ళిపోయేవాణ్ణి. నీ పేరు ఒక్కటే ఫైల్లో ఉండేది. జేబులోంచి నీ ఉత్తరం తీసి బల్ల మీద పెట్టాను. మామిడికాయల దాకా మొత్తం చదివాడు పెద్దాయన.

ఉద్యోగం పూర్తిగా పోలేదు. ఇక సంతకాలు పెట్టే పని ఉండదు, స్టోరులోనే ఉంటాను. అయితే లోయ కొత్త పటం మాత్రం నన్నే గియ్యమన్నారు. ఒకాయన వద్దన్నాడు. పెద్దాయన, "ఆ లోయని వీడికంటే జాగ్రత్తగా ఇంకెవరూ గియ్యరు" అన్నాడు. అది మెచ్చుకోలు కాదని నాకు తెలుసు.

గీసి పంపుతాను. కోపం వస్తే తిట్టు. నువ్వు తిడితే కొంచెం బాగుంటుంది.

నీ తమ్ముడు

—

బడి, మెట్ల పైన
సముద్రమట్టానికి నలభై రెండు అడుగులు
ఆగస్టు 3

రబ్బరుకి,

తిట్టను. నువ్వు సంతకం చేసినందుకు తిట్టాలంటే, నేను ముందు మేస్త్రీతో అన్న మాటకి నన్ను తిట్టుకోవాలి. ఆ వరస మొదలుపెడితే బడి బెల్లు కొట్టేవాళ్ళు ఉండరు. ఆ ఉత్తరం బల్ల మీద పెట్టకుండా ఉంటే మాత్రం ఈ జన్మకి నీతో మాట్లాడేదాన్ని కాదేమో. పెట్టావు.

పటం అందింది. కొత్త గీత మన వరుసకి పై నుంచి వెళ్ళింది. పదకొండు చిన్న చదరాలు, గీత కింద. ఎనిమిదింట్లో ఇప్పుడు మళ్ళీ మనుషులు ఉన్నారు. ఈ ఏడు అక్టోబరు వానలకి ముందే వాళ్ళని పంపేస్తారు. మన చదరం కూడా గీశావు, గోడలు లేకపోయినా. చెరపకు, ఉండనీ.

మూడుకాళ్ళాయన రాయిని మళ్ళీ గుమ్మం దగ్గరికి ఎత్తించేస్తానన్నాడు. వద్దన్నాను. ఇంకోసారి కదపొద్దు, అంకె మార్చండి అన్నాను. రూలు ఒప్పుకుంటుంది అన్నాడాయన. అదే మేస్త్రీని పిలిపించాను. పాత అంకె చెక్కేసి కొత్తది చెక్కడానికి రెండు రోజులు పట్టింది. ముప్పై ఏడు అడుగుల పదకొండు అంగుళాలు. ఈసారి మేస్త్రీ ఏమీ అడగలేదు, నేనూ ఏమీ అనలేదు.

మొన్న పొద్దున్న బడి తెరవగానే పిల్లలు రాయి చుట్టూ మూగారు. వాళ్ళలో దర్జీ మనవరాలు ఉంది. మూడో తరగతి. వాళ్ళ నాన్న ఇల్లు గీత కింద ఉండేది, అందుకని బడికి వచ్చి బతికారు. తాతా అవ్వా ఇల్లు మన పక్కది. ఆ పిల్ల కొత్త అంకె మీద వేలు పెట్టి మొత్తం దిద్ది, లేచి నా దగ్గరికి వచ్చింది.

"టీచర్, ముందు నలభై రెండు ఉండేది కదా. రాయి కిందకి దిగిందా?"

"నేనే దించాను" అన్నాను.

"ఎప్పుడు?"

"నువ్వు బడిలో చేరకముందు."

ఆ పిల్ల అటూ ఇటూ మెట్లు చూసింది. వేళ్ళతో లెక్కపెట్టింది. ఏడు. నేను చెప్పిన పాఠమే అది, ఎత్తు తగ్గితే ఏమవుతుందో వాళ్ళకి తెలుసు. ఏడిపించడానికి అడగలేదు. లెక్క తేలక అడిగింది.

"దించినట్టు ఎవరికైనా చెప్పారా టీచర్?"

"మా తమ్ముడికి ఉత్తరం రాశాను."

"మా తాతకి చెప్పలేదా? పక్కిల్లే కదా."

"లేదమ్మా" అన్నాను. "చెప్పలేదు. చెప్పాల్సింది."

సరే టీచర్ అని, పలక తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. నేను వెళ్ళలేకపోయాను. ఎక్కడ నిలబడ్డానో అక్కడే మెట్టు మీద కూచుని ఏడ్చాను తమ్ముడూ. మీ బావ కోసం ఏడ్చాను, దర్జీ కోసం, ఆయన భార్య కోసం, పేరుపేరునా. కాళ్ళు లాగుతున్నాయని వెళ్ళిన మనిషికి ఒక్కసారి కాళ్ళు పట్టలేదని ఏడ్చాను. బెల్లు పది నిమిషాలు ఆలస్యమైంది. పిల్లలు కిటికీల్లోంచి చూశారు. చూడనిచ్చాను.

వరదల అధ్యాయం మళ్ళీ రాసి పంపుతున్నాను. పోయిన ముగ్గురి సంగతి పక్కన ఒక వాక్యం కలిపాను: "ఎత్తు రాయిని ఏడు మెట్లు కిందకి దింపించినది ఈ పుస్తకం రాసిన టీచరు, ఆ సంగతి ఆమె ఒక్క మనిషికే చెప్పింది." దీన్ని తియ్యొద్దు, చిన్న అక్షరాల్లో వెయ్యొద్దు. గ్రంథాలయం ఆయన నిలబడి చదువుతాడు కదా, ఇది మాత్రం కూచుని చదవమను.

మామిడికాయల బుట్ట దొరికింది, పటాల చుట్టల వెనక. ఆ ఏడు పంపనే లేదు. వచ్చేటప్పుడు తీసుకెళ్ళు.

అక్క